పద్నాలుగో వంతు

ఏరేటర్ మోటార్లు చుట్టే షాపు మాది,
ఆకివీడు స్టేషన్ రోడ్డులో.
పగలంతా కాలిపోయిన రాగి విప్పుతాను.
రాత్రి పది దాటాక షట్టర్ సగం దించి
లారీ కడతాను.

నాలుగేళ్ల కిందట తుక్కు కింద పోయిన
ఏసుపాదం బాబాయి చేపల బండి.
అందులో పద్నాలుగో వంతు.
కొలతలకి ఒక్క ఫొటో దొరికింది.
అందులోనూ సగం బండే ఉంది,
మిగతా సగానికి ఎవరిదో పుట్టినరోజు కేకు అడ్డం.

ఛాసిస్‌కి కిటికీల షాపులో మిగిలిన అల్యూమినియం,
క్యాబిన్‌కి ఫ్లెక్సీ వాళ్ల సన్‌బోర్డు.
స్టీరింగ్ తిప్పే సర్వో మాత్రం కొరియర్లో వచ్చింది.
రిమోట్ నొక్కితే మొదటిసారి
ఎలకపిల్లలా గెంతింది.
లారీ గెంతదు.
లారీ ముందు ఆలోచిస్తుంది,
ఒళ్లు విరుచుకుంటుంది, ఆ తర్వాతే కదులుతుంది.
పొడుగూ ఎత్తూ నేను తగ్గించాను గానీ
బరువు నాకు చెప్పకుండా ఇంకెంతో తగ్గిపోయింది.
సీసం వల గుళ్లు కిలోన్నర కొని
తొట్టి అడుగున వరసగా అతికించాను.
అప్పుడు గతుకులో పడి లేస్తూ
అటూ ఇటూ తూలింది,
హౌరా పోయే నిండు లోడులా.

రంగు వేశాక కంపెనీ క్యాలెండరు మీద బొమ్మలా ఉంది.
చూడబుద్ధి కాలేదు.
ఇక పాడుచెయ్యాలి.

తలుపు కింది అంచుకి నీళ్లు రాసి
నూరిన కల్లుప్పు చల్లి
ఆరాక పైన నీలం కొట్టి
గోటితో గీకాను.
ఉప్పు రాలిన చోటల్లా అడుగు తుప్పురంగు బయటికొచ్చింది.
పెద్ద లారీనీ ఉప్పే తింది,
ఐసు కరిగి చేపనీళ్లు కారీ కారీ,
ఇదే అంచు.
పొగగొట్టానికి కాలిన వైండింగు మసి.
డీజిల్ ట్యాంకు మూత చుట్టూ టీ డికాషన్, మూడు పూతలు.
దుమ్ముతోనే చిక్కొచ్చింది.
ఉప్పుటేరు గట్టు మీది ఒండ్రు ఎండబెట్టి
పాత చీర ముక్కలో నాలుగుసార్లు జల్లించినా
అద్దం మీద చల్లితే రాళ్లు పడ్డట్టుంది.
లారీని చిన్నది చెయ్యొచ్చు.
మట్టి మన మాట వినదు.

నిన్న సాయంత్రం బాబాయి వచ్చాడు,
ఇప్పుడు కాపలా ఉంటున్న రొయ్యల చెరువు మోటారొకటి
మోపెడ్ వెనక కట్టుకుని.
బల్ల మీదిది చూశాడు.
నంబరు పైకి చదివాడు.
స్టెప్నీ ఏదీ అన్నాడు.
డ్రైవరు తలుపు మీద మోచెయ్యి ఆనే చోట
రంగు అరగదీసి ఉంచాను,
అక్కడ వేలు పెట్టి కాసేపు తియ్యలేదు.
తర్వాత మొహం చిట్లించి,
"ఇంత మురికేంటే తాయారూ?
బండిని ఇలా ఉంచుతానా నేను?"

తువ్వాలు కొస నోట్లో తడిపి
వేలికి చుట్టి
ముందద్దం మీద డ్రైవరు వైపు
అరచందమామంత తుడిచాడు.
తర్వాత హెడ్‌లైట్లు రెండూ.
తర్వాత నంబరు ప్లేటు,
చెక్‌పోస్టులో అదే కదా అడిగేది.
ఎడం పక్క అలాగే వదిలేశాడు.
"అటేపు ఇస్సాకు తుడవాలి.
తుడిచేవాడు కాదు, ఎదవ."

నెల రోజులు మురికి గురించే తలబద్దలుకొట్టుకున్నాను.
తుడిచే చెయ్యి ఒకటుంటుందని తోచనేలేదు.

రిమోట్ చేతికిస్తే వద్దన్నాడు.
"నువ్వు తోలు."
షట్టర్ పూర్తిగా ఎత్తి
బండిని రోడ్డు అంచున పెట్టాను.
ఆయన పక్కనే గొంతుక్కూర్చుని
వెనకా ముందూ చూసి,
ఒక స్కూటరు దాటేదాకా ఆగి,
తొట్టి మీద
చూపుడువేలి గోటితో
రెండు సార్లు కొట్టాడు.

"రైట్. పోనీ."