పదకొండో అంతస్తుల చాయ్

చక్కెర లేకుంట మూడు, చక్కెరతోని నాలుగు,
పుదీన వేసి ఒక్కటి. అది పెద్దసారుకు.
కువైట్ల షర్క్ కాడ, సముద్రం దిక్కు అద్దాలున్న గదిల
ఆకుపచ్చ కంపెనీ మీద విచారణ.
నాకొచ్చిన అరబ్బీ చాయ్ పొయ్యనీకే సరిపోతది.
అయినా పదకొండు రోజులు కెటిల్ పట్టుకొని నిలబడ్డోనికి
ఎంతో కొంత సమజైతది.

మొదటి నాలుగు రోజులు ఒక్కటే కొట్లాట:
మార్కెట్ అంటే ఏంది?
కంపెనీ వకీలు సల్లగ మాట్లాడే మనిషి.
ఆకలైనోడు వండుకోవచ్చు, నడిచిపోయి తినొచ్చు,
ఒక్కపొద్దు కూడ ఉండొచ్చు,
అదంత మార్కెట్టే, అండ్ల మాది చారెడు, అన్నడు.
దలాల్ మేడం నవ్వలే.
(మా మెట్‌పల్లి దిక్కు దలాల్ అంటే తిట్టు.
ఈడ ఆడపిల్లకు ముద్దుగ పెట్టుకునే పేరు.)
కాగితం తిప్పి చూపెట్టింది:
నారింజ కంపెనీని మీరు కొనకముందు
వందల నలభై ఆర్డర్లు మీయి.
ఇయ్యాల తొంబై ఒకటి.

నాకు మహబూబ్‌జాన్ యాదికొచ్చిండు.
ఫర్వానియాల ఆయనది రాయచోటి హోటల్.
గల్లా మీద రెండు టాబ్లెట్లుండేటియి,
ఒకటి మోగితే ఇంకోటి అలిగేది.
అప్పుడు నూటికి పదిహేను కోసుకునేటోళ్లు.
నారింజది సచ్చినంక
ఆ టాబ్లెట్ ఊరగాయ బకెట్ మీద మూతైంది,
పదిహేను ముప్పై రెండైంది.
యాప్ల ధర కన్న హోటల్ల తక్కువకు అమ్మొద్దని
సంతకం గూడ పెట్టించుకున్నరు.
ఆయన అమ్మిండు.
మా రూము ఏడుగురికి, రాగిసంకటి, ముప్పావు దినారుకు.
తెల్లారేసరికి ఆయన హోటల్
యాప్ల ఏ మూలకు వడ్డదో
ఆయనకే దొరకలే.

సాక్ష్యం చెప్పు రమ్మని మేడం రెండుసార్లు చిట్టీ పంపింది.
"లైసెన్సు నాది కాదు భాయ్, మా కఫీల్‌ది" అన్నడు,
ఉల్లిగడ్డ కోసుకుంట.

లింబాద్రి బండి తోలుతడు.
రెండు కంపెనీలున్ననాడు ట్రిప్పుకు నాలుగొందల యాభై ఫిల్సు,
ఇప్పుడు రెండొందల ఎనభై.
అడిగితే ఫోను
రోడ్డు మ్యాపు చూపెడ్తది.

పదోనాడు మేడం తీర్పు చదివింది.
వకీలు పక్కనున్న దొర కోసం
ఒకామె మెల్లగ ఇంగ్లీషుల చెప్పుకుంట పోయింది:
హోటలోన్ని కట్టేసుకోవద్దు.
బండోడు ఇంకో కంపెనీకి పోతానంటే
అడ్డం వడొద్దు, ఎందుకని అడగొద్దు.
పోయేటప్పుడు వాని స్టార్లు వాడు ఎంట తీస్కపోతడు,
అవి వాడు సంపాయించుకున్నయి.

నా చేతుల ట్రే గలగలమన్నది.
నాలుగేండ్ల సంది రిలీజు అడుగుతున్న నేను.
క్లీనింగ్ కంపెనీ మనిషిని, డెబ్బై అయిదు దినార్లు,
నా పాస్‌పోర్టు షువైఖ్‌ల ఒక బీరువల ఉంటది,
తాళంచెవి ఎవ్వని దగ్గరున్నదో అడిగినోన్ని
జహ్రా స్కూల్ల బాత్రూములకేసిన్రు.
"ఇంకొంచెం చక్కెర" అన్నది మేడం, కాగితంల కెళ్లి తలెత్తకుంటనే.
వేసిన.

సాయంత్రం చెత్తబుట్టల
చాయ్ మరక పడ్డ కాపీ ఒకటి దొరికింది.
మడిచి తెచ్చుకొని పరుపు కింద పెట్టిన,
పాస్‌పోర్టు ఉండాల్సిన కాడ.
లింబాద్రి చదివి చెప్తనన్నడు,
ఓవర్‌టైం అయినంక, శుక్రవారం.

జుర్మానా ఎంతో నేను ఇనలే,
అప్పుడు కెటిల్ నింపుకరానీకె పోయిన.
తెల్లారి తెలిసింది, ఆకుపచ్చోళ్లు అప్పీలుకు పోయిన్రట,
పద్నాలుగో అంతస్తుకు.
ఆడ చాయ్ పోసేది బర్దిపూర్ సాయన్న.
ఆయనదీ మా కంపెనీయే.
ఈ బిల్డింగుల చాయ్
అంత మా కంపెనీదే.