వల కన్ను

గ్రిమ్స్‌బీ లైబ్రరీ మేడ మీద
మంగళవారం మధ్యాహ్నాలు ఒక బల్ల నాది.
దాని మీద అట్టముక్క:
"విజ్ఞాన సర్వస్వంలో రాయడంలో చిక్కులా? ఇక్కడ అడగండి."
కింద ఎవరో పెన్సిల్‌తో చేర్చారు: "టీ లేదు."
నిజమే, లేదు.

ఆస్పత్రి మందుల గదిలో రాత్రి డ్యూటీ దిగి
మూడు గంటలు కునుకు తీసి వస్తాను.
ఇక్కడి రోగాలూ ఇంచుమించు అవే:
పేజీ విరిగింది, రాసింది మాయమైంది,
ఎవరో కసిరారు,
పాస్‌వర్డ్ మా మనవడికి తప్ప తెలీదు.

అందరికీ మొదటి మోతాదు ఒకటే.
ఇక్కడ ఏదీ పోదు, చరిత్ర అని ఒక మీట ఉంది, నొక్కండి.
మీరు చెరిపినదీ, మీది చెరిపినదీ
తేదీతో సహా అక్కడ కూచుని ఉంటుంది.

ఈనిడ్ థర్ల్‌బీకి ఎనభై ఒకటి.
తడి గొడుగు కుర్చీకి తగిలించి
కూచోకుండానే అంది:
"మా అమ్మని రెండుసార్లు తీసేశారు."

చేపల రేవు వ్యాసంలో ఆవిడ చేర్చింది ఒక్క వాక్యం.
మా అమ్మ ఐవీ, వంటింటి తలుపు కొక్కేనికి తాడు కట్టి
ముప్ఫై ఏళ్ళు ట్రాలర్లకు వలలు అల్లింది.
మొదటిసారి ఏడు నిమిషాలు నిలిచింది.
రెండోసారి నాలుగు.
తీసినతని పేరు ఏదో పెంగ్విన్,
కారణం రెండే ముక్కలు: మూలం లేదు.

"మూలం నేనే కదా," అంది,
"ఆ తాడు కింద వంగి బడికెళ్ళినదాన్ని."

దీనికి నా దగ్గర మందు లేదు.
నియమం చెప్పగలను.
చెప్పేటప్పుడు గొంతు ఎలా ఉండాలో
నాకు ఇంకొకరు నేర్పారు.

తెలుగులో నా మొదటి వ్యాసం తుని బస్సుల మీద.
పొద్దున రాస్తే టిఫిన్ అయ్యేలోగా కొట్టేశారు.
ముఖం తెలియని ఒకాయన చర్చా పేజీలో రాశాడు:
"ఎక్కడ చదివారో చెప్పండి, నిలబెడదాం."
నిలబెట్టండి అనలేదు.
ఆ "దాం" పట్టుకునే
పదహారేళ్ళుగా ఈ పని చేస్తున్నాను.

ఇంగ్లీషులో అంత చిన్న ముక్క దొరకలేదు.
కుర్చీ ఆవిడ పక్కకి జరుపుకున్నాను.

మూడు మంగళవారాలు పాత పేపర్లు తిరగేశాం.
చేతులకి నల్లటి పొడి.
పడవల పేర్లున్నాయి, కెప్టెన్ల పేర్లున్నాయి,
ఒక పడవలో పెంచిన కుక్క పేరు కూడా ఉంది.
చివరికి కూలి తగాదా వార్తలో ఒక వరస:
"ఇళ్ళలో వలలల్లే ఆడవాళ్ళు."
ఈనిడ్ కళ్ళద్దాలు తుడుచుకుంది.
"ఇదిగో, ఇందులో ఉంది," అంది,
"పేరొక్కటే లేదు."

అదే రాసింది. మూలం చేర్చింది. భద్రపరచు నొక్కింది.
సగం పేజీ కూలిపోయింది.

ఎక్కడో బ్రాకెట్టు మూయలేదు.
నేను పది నిమిషాలు పైనుంచి కిందకి, కిందనుంచి పైకి.
ఆవిడ ముందుకి వంగి
తెర మీద వేలు పెట్టింది.
"ఇక్కడ. మెష్ తెగింది."
మా వైపు వలకి ఉండేవి కన్నులే, అన్నాను.
కన్ను, కన్ను, అని రెండుసార్లు అనుకుని
మీసాల బ్రాకెట్టు తనే కట్టింది.

ఆ వాక్యం ఇంకా ఉంది.
పెంగ్విన్ కామా ఒకటి సరిచేసి వెళ్ళాడు.
అంత రాత్రివేళ మేలుకుని ఏం చేస్తున్నావు నాయనా,
పడుకో, అని ఈనిడ్ అతనికి రాసింది.
జవాబు రాలేదు.

ఈ వారం ఫ్లాస్కు తెచ్చుకుంది.
ఫుట్‌బాల్ క్లబ్బు పేజీ పాడుచేసుకుని
చెవులెర్రబడ్డ లిథువేనియా కుర్రాడు రోకస్‌తో
"ముందు చరిత్ర నొక్కు," అంటోంది.
కప్పు ఒకటే. ముగ్గురం తాగాం.

రాత్రి మూడింటికి, మందుల మధ్య ఖాళీలో,
నేనూ ఆ మీట నొక్కి చూశాను.
ఏడు నిమిషాలు, తర్వాత నాలుగు.
తలుపు కొక్కెం, తాడు,
ఐవీ.