పేరు రాయని చోటు

సిరా గడ్డకట్టింది.
గుర్రప్పేడ నిప్పుల మీద సిరా రాయి పెట్టి
కరిగిస్తున్నాను.

దండనాయకుడు కాంగ్ ష్వేచిన్ పోయి
ఇవాళ్టికి పదకొండు రోజులు.
ఆ సంగతి తెలిసినవాళ్ళం ఐదుగురం:
కొడుకు, వైద్యుడు, ఇద్దరు కాపలావాళ్ళు,
ఆయన దస్తూరిని ఆయనకన్నా బాగా రాసే నేను.

రోజూ పొద్దున్నే ఆయన గదిలోకి గంజి వెళుతుంది.
ఖాళీ గిన్నె తిరిగొస్తుంది.
కాపలా మా రెన్ కాస్త ఒళ్ళు చేశాడు.

నేను చాంగాన్‌కి రాస్తున్నాను:
తమ పడమటి వాకిలి కుక్కకి దగ్గు తగ్గింది,
గోడలు పదిలం,
మంచు వల్ల ఈ ఏడు పన్ను పంపలేకపోతున్నాను.
పదహారేళ్ళుగా రాస్తున్నాను ఆ మంచు గురించి.
సరిగ్గా పన్నుల నెలలోనే పడుతుంది.

చక్రవర్తి ఉప్పు తిన్నవాళ్ళమట మేం.
ఉప్పు మా చవిటి మడుల్లోదే.
అక్కణ్ణించి గింజ వచ్చినప్పుడు
నా జుట్టు ఇంకా నల్లగా ఉంది.

ఆయన ఒకప్పుడు గుర్రాల బేరగాడి కొడుకు.
పళ్ళు చూసి గుర్రం వయసూ,
చేతులు చూసి మనిషి ఆకలీ చెప్పేవాడు.
ఎనిమిది వందలమంది సిపాయిలకి
తన ఇంటిపేరు ఇచ్చి కొడుకులన్నాడు.
కన్నది ఒక్కణ్ణే.
రాత్రుళ్ళు ఆ ఒక్కడికే నిద్రపట్టడం లేదు.
బారకాసుల్లో
మిగతా కొడుకులు కత్తులు నూరుకుంటున్న చప్పుడు.

నిన్న రాజధాని దూత వచ్చాడు.
మంచుకి ముక్కు కొస నల్లబడింది.
వెంట రెండు జెండాలు, రెండు అధికార దండాలు,
పసుపు పట్టు చుట్టిన శాసనం.
“దండనాయకులవారు కులాసానా?”
“కులాసా.”
తెర వైపు చూశాడు, తెర ఎత్తలేదు.
వాసన తగలనట్టే
నా నిప్పుల దగ్గర చేతులు కాచుకుని
శాసనం విప్పాడు.

బిరుదులున్నాయి, ముద్ర ఉంది,
స్వర్గం దయ ఉంది.
మధ్యలో బొటనవేలంత ఖాళీ.
“మీ దగ్గర రాయసగాడు ఉన్నాడట కదా,”
అన్నాడు, నా మొహం చూడకుండా.

రాజ్యం ఇంత సన్నగా ఉంటుందని తెలీదు నాకు.
కాగితమంత.

కలం ముంచాను.
ముందు ఇంటిపేరు రాశాను: కాంగ్.
అంతవరకు ఎవరికీ పేచీ లేదు,
ఎనిమిది వందల ఒక్కమందికీ అదే.

బయట నూరుడు ఆగింది.
తలుపు సందుల్లోంచి ఎవరెవరివో ఊపిర్లు
తెల్లగా లోపలికి వస్తున్నాయి.

రెండో అక్షరం దగ్గర
సిరా మళ్ళీ గడ్డకడుతోంది.
నేను నిప్పులు ఊదడం లేదు.