చీటీ రాని సీసా

తవిటమ్మ పంది ఎదకొచ్చింది.
వీపు మీద చెయ్యేస్తే
రాయిలా నిలబడిపోతోంది.
"ఇయ్యాలే బాబూ, రేపటికి దిగిపోద్ది."

రాజాం నుంచి బండి మీద తెచ్చిన పెట్టెలో
పదిహేడు డిగ్రీల దగ్గర
సీసా చల్లగానే ఉంది.
పోతు నంబరుంది, తేదీ ఉంది,
రక్తపరీక్ష చీటీ మాత్రం రాలేదు.
ఫోను చేస్తే, "పంపేస్తాంలే, నువ్వు కానిచ్చెయ్."

పోయినేడు ఇలాగే కానిచ్చేశాను.
ఆ పోతు ఈ ఊరి మొహం చూడలేదు.
అయినా దాని జబ్బు
నా చేతిలోంచి, ఈ సన్నగొట్టంలోంచి
పదకొండు దొడ్లు తిరిగింది.
గోతుల్లో సున్నం జల్లిన చెయ్యి
సబ్బుకి లొంగదు.

తొడుగులు తీసేశాను.
బ్లీచింగు పోసిన గుంటలో
సీసా ఒంపేశాను.

"మళ్లీ ఇరవయ్యొక్క దినాలా? అందాకా నానేటి తినాల?"
తిట్టింది తవిటమ్మ,
నన్నూ, నా ఆఫీసునీ, నా బండినీ.
తర్వాత గుమ్మంలో కూలబడి
చాలాసేపు పందికేసి చూసి అంది:

"నాకు ముందు నలుగురు పోనారట.
పుట్టీగానే చేటెడు తవుడుకి అమ్మీసి
నన్ను దక్కించుకుంది మాయమ్మ.
...ఆ చీటీ ఒచ్చినాకే రా."

పంది ఇంకా నిలబడే ఉంది,
వీపు మీద ఎవరి చెయ్యీ లేకుండానే.