ఇత్తడికి పదును పనికిరాదు

రాజమండ్రిలో గఫూరు గారి కొట్లో మూడున్నాయి.
ఒకటి నీలం రంగుది, పెళ్లికొడుకులా మెరుస్తోంది.
ఒంటిచేత్తో ఎత్తేశాను. అక్కడే నచ్చలేదు.
రెండోదానికి లేజరు దీపం, అంకెలు చూపించే గాజు.
ధర విన్నాక గాజూ వద్దు, దీపమూ వద్దు.
మూడోది మూలన, గోనె కింద,
కాకినాడలో మూతపడ్డ ఏదో షెడ్డు సరుకట.
బల్ల మీద ఎవరివో తప్పిపోయిన కన్నాల మచ్చలు.
"మీ ఆయన్ని తీసుకురండమ్మా, చూసి చెబుతారు."
"ఆయనకి ఎల్లైసీ తెలుసండీ, ఇనుము తెలీదు."

సంచిలోంచి తిన్నటి ఉక్కు ఊచ తీసి చక్‌లో బిగించాను.
పక్కన అగ్గిపుల్ల నిలబెట్టి పుల్లీని చేత్తో తిప్పాను.
పుల్లకీ ఊచకీ మధ్య సందు
పెరగలేదు, తరగలేదు.
పిడి కిందికంటా లాగి, స్పిండిల్ని అటూ ఇటూ ఊపాను,
కదిలే పన్నుని నాలుకతో తడుముకున్నట్టు.
వెంట్రుకవాసి ఉంది.
ఆ వెంట్రుకకి ఐదొందలు తగ్గించాడు గఫూరు.

కొవ్వూరు వంతెన మీద ట్రాలీ ఆటో ఎగిరినప్పుడల్లా
నా గుండె స్తంభానికి కట్టిన తాడులా బిగిసింది.
అజ్జరం చేరేసరికి దీపాలు పెట్టారు.

మావగారు సూరప్ప చూసి ఏమీ అనలేదు.
కాలి వేళ్ల మధ్య పళ్లెం అదిమి
విల్లు బరమాతో యాభై ఏళ్లు కారప్పూస బిళ్లలు తొలిచిన మనిషి.
డెబ్బై దాటాక కన్నాలు ఎడమకి వాలాయి,
జంతికలు మూకుట్లో ఒకదాన్నొకటి కౌగిలించుకున్నాయి.
తణుకు దుకాణం వాళ్లు రెండు డజన్లు వెనక్కి పంపారు.
ఆ బిళ్లల్ని ఆయన మంచం కింద పెట్టుకున్నారు.
అందుకే కొన్నాను. అందుకని మాత్రం చెప్పలేదు.

మొదటి రోజు గాజులు తీసి మేకుకి తగిలించాను.
అత్తగారు గతుక్కుమన్నారు.
"తిరిగేదాని దగ్గర గాజులు, పైట, జడ, ఏవీ ఉండకూడదు,
సాయంత్రం వేసుకుంటాను" అన్నాను.
అంత చెప్పినదాన్ని, బిళ్లని మాత్రం చేత్తో పట్టుకున్నాను.
కొత్త బిట్టు, తళతళ.
ఇత్తడిని ఒక్క కొరుకు కొరికింది.
బిళ్ల నా చేతిలోంచి ఊడి గింగిరాలు తిరిగి
గోడకి తగిలి పెచ్చు రాలగొట్టింది.
బొటనవేలికి మూడు కుట్లు.

నాలుగో రోజున ఆయనే వచ్చారు.
బిట్టు ఊడదీసి, సానరాయి మీద దాని పెదవుల్ని
రెండంటే రెండుసార్లు రుద్దారు.
"ఇత్తడి ముందు పదును చూపించకమ్మా.
కొరుక్కుంటూ లోపలికి పోతుంది, నిన్నూ లాక్కుపోతుంది.
కాస్త మొద్దు చెయ్యి, గీక్కుంటూ దిగుతుంది."
మళ్లీ వెళ్తూ, గుమ్మంలో ఆగి,
"చెయ్యి వైసు కాదు."

ఇప్పుడు వైసు బల్లకి బోల్టు.
బిళ్ల కింద వేపచెక్క ముక్క.
ముందు పంచితో చిన్న చుక్క, అది లేకపోతే బిట్టు
బురద గట్టు మీద ఎండ్రకాయలా పక్కకి జారుతుంది.
చిన్న కన్నానికి బెల్టు పైమెట్టు, పెద్ద కన్నానికి కిందిమెట్టు.
లాగడం, వదలడం, లాగడం.
రవ్వ రవ్వగా ఇత్తడి, ఉప్మాకి వేయించినట్టు.
సగం కన్నంలో కరెంటు పోతే
బిట్టు పైకి తీసి, స్విచ్చి ఆపి, మజ్జిగ తాగి వస్తాను.
చక్ తాళం పురికొసతో గోడకి వేలాడుతుంది,
చక్‌లో మర్చిపోతే తూటా అవుతుందని.
ముసురు రోజుల్లో కాలవ తేమకి స్తంభం
రాత్రికి రాత్రి ఎర్రబడుతుంది.
కొబ్బరినూనె గుడ్డతో తుడుస్తాను, నా తలకి రాసుకోవడం మర్చిపోయినా.

శుక్రవారం సాయంత్రం పూర్తయింది మొదటి బిళ్ల.
నడుమ ఒకటి, చుట్టూ ఆరు, పన్నెండు, పద్దెనిమిది.
గాజులు వేసుకున్నాను.
అత్తగారు శనగపిండి కలిపి గొట్టం నొక్కారు.
ముప్పై ఏడు దారాలు
ఒకదాన్నొకటి తాకకుండా నూనెలోకి దిగాయి.

మావగారు ఒక పోచ తీసి, దీపం ముందు పట్టుకుని
ఇటు నించి చూశారు, అటు నించి చూశారు.
విరిచారు. నమిలారు.
"ఉప్పు తక్కువైంది" అన్నారు.