కుంచె పట్టు

హామర్‌ఫెస్ట్‌లో సూర్యుడు కనబడక
ముప్పై రోజులు. బాలబడిలో
పగలు పదింటికీ దీపాలే.

నా చేతిలో ఫారం:
కుంచె సరిగ్గా పట్టుకుంటాడా?

ఐలో పట్టుకోడు.
పిడికిట్లో, చెంచాలా.
పసుపురంగు ముంచి, కాగితం దగ్గరికి తెచ్చి
"ఆఁ... ఆఁ..." అంటాడు, తనే నోరు తెరిచి.
ఒక ముద్ద. ఆగి, ఊది, ఇంకో ముద్ద.
కాగితం మూతి మోచేత్తో తుడుస్తాడు.

ఎవరికిరా అంటే చెప్పడు.
నానినాని కాగితం చిరుగు పట్టాక
"చాలట," అన్నాడు.

సాయంత్రం వాడికి మేజోళ్ళు తొడుగుతూ
వాళ్ళ నాన్న మిక్కెల్ చెప్పాడు:
నెలలు నిండకుండానే పాప.
గాజుపెట్టెలో ఉంది. గొట్టంతో పాలు.
జలుబుల కాలం,
వీణ్ణి లోపలికి రానివ్వరట.

ఫారంలో ఆ గడి ఇంకా ఖాళీయే.
బల్ల మీద పసుపు ఆరలేదు.
తుడవబుద్ధి కాలేదు.