ఎన్ని ఉతుకుల పాతది?

కురోయివా గారికి ఫోను చేసి ముందు అదే అడుగుతాను.
"నలభై ఉతుకులు చాలు," అంటారు ఆయన.
"ఇష్టంగా తొడుక్కుని పాతబడ్డట్టుండాలి,
పట్టించుకోక పాడైనట్టు కాదు."

నలభై ఉతుకులు గీయడానికి కూర్చుంటాను.
నీళ్లు లేవు, సబ్బు లేదు,
తీగ మీద ఎండ లేదు.

ఈసారి బొమ్మ ఒక కందెన నూనె కంపెనీది.
ఒహాయోలో ఉందట.
నిన్న మధ్యాహ్నం నేనే పెట్టాను దాన్ని,
అన్నం డబ్బా మూసేసి,
ఉప్పులో ఊరిన ఉమె పండు గింజ
ఇంకా బుగ్గన ఉండగానే.
స్థాపితం 1954 అని కింద రాశాను.
ఆ ఏటికి మా అమ్మ కూడా పుట్టలేదు.

సింహాలూ డేగలూ అందరూ వేసేవే.
నూనె డబ్బా మీద బాతును కూర్చోబెట్టాను.
బాతుకు టోపీ. టోపీకి చిన్న సొట్ట.
కంపెనీ పేరులో ఒక అక్షరం తప్పు రాశాను,
అచ్చుకొట్టేవాడెవడో తొందరలో వదిలేసినట్టు.
ఆ తప్పుకు గంట పట్టింది.
తిరిగిన చేతికి తొట్రుపాటు నేర్పడం
అంత సులువు కాదు.

రంగులు మూడే.
నాలుగో స్క్రీనుకు డబ్బుల్లేని కంపెనీ మరి మాది.
ఎరుపు, నీలం అంచు మీదికి
వెంట్రుకవాసి జరగాలి అని రాసిస్తే
ఒరియే రబ్బరు బద్ద పక్కన పెట్టి నవ్వింది:
"అంచుకు అంచు కలపడానికే
ఇరవై ఏళ్లు పట్టింది నాకు.
ఇప్పుడు జరపమంటావు."
జరిపింది. మూడుసార్లు కొలిచి మరీ.

తమాకి గారి షెడ్డులో
దూలాలకు వేలాడే గుండ్రటి యంత్రాలు
గంటకు ఒక మీటరు అల్లుతాయి.
పక్క కుట్టు లేని గొట్టంలా
గుడ్డ తన బరువుకు తానే కిందికి దిగుతుంది.
ఏ సూది విరిగిందో ఆయన చెవితోనే చెబుతారు.
వకయామాలో ఇంకా ఇలాంటివి
ఎన్ని తిరుగుతున్నాయో అడిగితే
వేళ్లు లెక్కపెట్టి, మధ్యలో మానేశారు.
బాతును చూపించాను.
కళ్లద్దాలు తుడుచుకుని చాలాసేపు చూశారు.
"ఈ నూనె మేమెప్పుడూ వాడలేదే," అన్నారు,
పొరపాటేదో తనదైనట్టు.

పగుళ్లు మాత్రం కల్పించను.
దొంగిలిస్తాను.
ఫెర్రీ రేవులో తుప్పు తలుపు,
స్నానశాల వెనక గోడ,
కమలాపండ్ల గోదాము షట్టరు మీద
పొలుసులుగా లేచిన ఆకుపచ్చ.
ఫోటో తీసి, రంగు తీసేసి,
బాతు రొమ్ము మీద పరుస్తాను.
గోదాముకు పోయిన వారం కొత్త రంగు కొట్టారు.
దాని ముసలితనం ఇప్పుడు నా దగ్గరుంది, ఒక ఫైలులో.
ఎవరూ వెనక్కి అడగలేదు.

కొత్తే రోత, పాతే వింత
నాకు జీతమిచ్చే లోకంలో.

మూడేళ్లకు కాబోలు, వాన పడుతున్న రోజు,
తోకుషిమా ఫెర్రీ దిగే మెట్ల దగ్గర
చేపల పెట్టె మోస్తూ ఒకామె.
చేతులు కత్తిరించేసిన చొక్కా,
సాగిన మెడ, బ్లీచింగ్ చుక్కలు,
మధ్యలో బాతు.

నేను నలభై ఉతుకులే గీశాను.
ఆమె ఎన్ని వందలు ఉతికిందో.
పెట్టె ఆనే చోట టోపీ మొత్తం పోయింది.
నా పగుళ్ల పక్కనుంచి, వాటిని కోసుకుంటూ,
ఇంకెన్నో పగుళ్లు.
నావి నాకు పేరుపేరునా తెలుసు:
గోదాముది, గోడది, తలుపుది.
వానలో కళ్లు చిట్లించి వెతికాను.
ఒక్కటీ ఆనవాలు పట్టలేకపోయాను.

"ఎక్కడ కొన్నారు?" అన్నాను.
"మా అన్నది. ఎప్పటిదో, చాలా పాతది,"
అని పెట్టెను రెండో భుజానికి మార్చుకుంది.

మార్చుకున్నప్పుడు కనిపించింది
నేను తప్పు రాసిన అక్షరం.
అదొక్కటే చెక్కుచెదరలేదు.